డోర్నకల్ బిషప్ అజరయ్య గారు: ఇల్లు, ఆటపాట, పెద్దరికం

ఈ ప్రత్యేక సంచికకు ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క మహనీయుని జీవితం గురించి రాయాలని మన కార్యవర్గం తీర్మానించింది. స్వాతంత్ర్య యోధుల గురించీ కవుల గురించీ రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిని ఎన్నుకున్నాను. మన ఆర్మూరు ప్రాంతంలో మెదక్ చర్చి గురించి తెలియనివారు లేరు. డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి పేరు విననివారూ లేరు. కానీ డోర్నకల్‌లో ముప్పై రెండేళ్లు బిషప్‌గా పనిచేసిన ఈ పెద్దమనిషి సంగతి మన వైపు అంతగా తెలియదు. క్రైస్తవుడైనా కాకపోయినా ఆయన జీవితం చదవదగినది. పింఛను తీసుకునే రోజున మనం నలుగురం కూడి మాట్లాడుకునేవి మూడే సంగతులు. ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారు, పొద్దు ఎలా గడుస్తోంది, సంఘాన్ని ఎవరు నడపాలి. ఆ మూడింటికీ ఆయన తన మతవిశ్వాసంలోనే జవాబులు వెతుక్కున్నారు. ఇతరులకు చెప్పేముందు తన ఇంట్లో ఆచరించి చూశారు.

అజరయ్య గారు తెలుగువారు కారు. తమిళదేశంలో తిరునల్వేలి ప్రాంతాన వెల్లలన్‌విళై అనే చిన్న ఊరిలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు నాడార్ కులంలో పుట్టి క్రైస్తవం పుచ్చుకుని, ఆ ఊరి చర్చికే గురువైనవారు. తల్లి ఎలెన్ గారు. ఆ కాలంలో నాడార్లను గుడి వాకిలి దాకా కూడా రానిచ్చేవారు కారు. తాటిచెట్లెక్కి కల్లు దింపడం వారిలో చాలామందికి బతుకుతెరువు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

తండ్రి 1889లో పోయేనాటికి ఈయనకు పదిహేనేళ్లు నిండలేదు. తరువాత పెంపకమంతా తల్లిదే. ఆమె క్రమశిక్షణ గట్టిది, ప్రార్థన తప్పనిచ్చేది కాదు. చదివిన మెజ్ఞానపురం బోర్డింగు బడిలో క్రైస్తవ విద్యార్థుల మధ్య కూడా కులభేదాలు ఉండేవి. వాటిని పోగొట్టాలని తోటి విద్యార్థులతో కలిసి ఈయన ఒక సంఘం పెట్టారు. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గాని డిగ్రీ పూర్తి కాలేదు. డిగ్రీ లేనివాళ్లకు ప్రమోషన్లు ఎలా ఆగిపోతాయో ఎరిగినవాళ్లం కనుక ఒక మాట చెప్పుకోవాలి. ఆ డిగ్రీ లేని మనిషికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. ఉద్యోగంలో చేరారు. యువకులు చెడుదారి పట్టకుండా చూడాలని 1844లో లండన్‌లో మొదలైన సంస్థ అది. ప్రార్థన ఒక్కటే చాలదు, ఒంటికి వ్యాయామం, మనసుకు పుస్తకం, సాయంత్రానికి ఆట కూడా కావాలన్నది వారి పద్ధతి. మన ఊళ్లలో బడి మైదానాల్లో సాయంత్రం పూట కుర్రవాళ్లు ఆడే వాలీబాల్ ఉంది చూశారా, దాన్ని కనిపెట్టింది అమెరికాలోని ఒక వై.ఎం.సి.ఏ. ఉద్యోగే. అదీ సరిగ్గా 1895లోనే. బాస్కెట్‌బాల్ అంతకు నాలుగేళ్ల ముందే వారి శిక్షణ పాఠశాలలో పుట్టింది. మద్రాసులో 1920లో వ్యాయామ ఉపాధ్యాయులకు మొట్టమొదటి కాలేజీ పెట్టింది కూడా వై.ఎం.సి.ఏ. వారే. మనకు చదువు చెప్పిన పాతకాలపు డ్రిల్లు మాస్టర్లలో అక్కడ శిక్షణ పొందినవారు ఉన్నారు. అజరయ్య గారు ఆటగాడని నేను చెప్పడం లేదు. ఆయన పని బోధ, సంచారం. అయితే ఆటపాటలు మతానికి శత్రువులు కావన్న సంగతి ఆయన ఒంటికి పట్టింది ఆ పద్నాలుగేళ్లలోనే అని నా అభిప్రాయం. డోర్నకల్‌లో ఆయన చేసిన పని చూస్తే అది తెలుస్తుంది.

1898లో అంబు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ చదువు చదివిన తొలితరం ఆమెది. వరుడు చదువుకున్నవాడు, ఉద్యోగస్థుడు. కట్నం అడిగితే ఇచ్చేవారే. కానీ ఆయన కట్నం తీసుకోలేదు, పెళ్లి సాదాగా జరిగింది. నేటికి నూట ఇరవై ఏళ్లు దాటింది. మన ఇళ్లలో మనుమరాళ్ల పెళ్లిళ్లకు ఎంతెంత ఇచ్చామో, మనుమల పెళ్లిళ్లకు ఎంతెంత తీసుకున్నామో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు. ఆ దంపతులకు ఆరుగురు పిల్లలు. ఆయన ఊళ్లు తిరుగుతుంటే ఇల్లు నడిపినవారు అంబు గారు. ఆమె పని ఇంటితో ఆగలేదు. డోర్నకల్‌లో ఆడపిల్లల చదువు, తల్లుల సంఘం ఆమె చేతి మీదుగానే నడిచాయి.

ఆయన తెలుగు గడ్డకు ఎలా వచ్చారో చెప్పాలి. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు బోధకులను పంపడం చూశారు. తెల్లవాళ్ల సొమ్ము మీద ఆధారపడి కూర్చోవడం మనకు తగదని అప్పుడే నిశ్చయించుకున్నారు. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులూ డబ్బూ నిర్వహణా అన్నీ ఇక్కడివే కావాలన్నది దాని నియమం. ఆ సొసైటీ పనిచేయడానికి ఎంచుకున్న చోటు నాటి నిజాం రాజ్యంలోని డోర్నకల్. సింగరేణి బొగ్గుకు రైలు చీలే జంక్షను అది. చుట్టూ అడవి, చిన్న చిన్న పల్లెలు. మరో రెండేళ్లకు, 1905 క్రిస్మస్ నాడు, శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సొసైటీ స్థాపించిన వారిలోనూ ఆయన ఒకరు.

ఇతరులను పంపి తాను మద్రాసులో కుర్చీలో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. ముప్పై ఏళ్లు దాటాక తెలుగు నేర్చుకున్నారు. ఆ వయసులో కొత్త లిపి, కొత్త యాస పట్టుబడడం ఎంత కష్టమో, ఉర్దూ దస్తరాల నుంచి తెలుగు దస్తరాలకు మారిన మన పాత ఉద్యోగులను అడిగితే చెబుతారు. 1909లో గురువుగా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఏ. పని వదిలి, కుటుంబంతో సహా డోర్నకల్ చేరారు. ఇల్లు లేదు. మొదట్లో గుడారమే ఇల్లు.

1910 జూన్‌లో స్కాట్లాండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు. ఆసియా నుంచి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ సభలో ముప్పై ఆరేళ్లయినా నిండని ఈ నల్లని మనిషి లేచి, ఎవరూ పైకి అనని మాట అన్నారు. పాశ్చాత్యులు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, అందుకు కృతజ్ఞులం. కానీ కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తున్న భారతీయుడిని ఇంటికి పిలిచి సాటివాడిగా పక్కన కూర్చోబెట్టుకోలేదు, మాకు కావలసింది స్నేహం, అన్నది ఆయన ప్రసంగ సారాంశం. సభలో కొందరికి కోపం వచ్చింది. చాలామందికి సిగ్గువేసింది. మనమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లం. ఫైలు మీద మన నోటు చూసి మెచ్చుకుని, ఎదురుపడితే కుర్చీ చూపని అధికారులు ఉండేవారు. అందుకే ఆయన బాధ మనకు వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనకు బిషప్ పట్టాభిషేకం జరిగింది. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి సాధించిన నియామకం అది. ఆంగ్లికన్ చర్చిలో ఒక మండలానికి బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్లు ఒక నల్లవాని కింద పనిచేస్తారా అని ఆనాడు అనుమానపడినవారు తక్కువేమీ లేరు. మొదట చిన్నదిగా ఉన్న మండలం తరువాత కృష్ణా జిల్లా దాకా పెరిగింది. అప్పుడు ఇంగ్లీషు మిషనరీలు కూడా ఆయన కింద పనిచేశారు.

ఇక అసలు కథ పల్లెల్లో. ఆయన దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. పగలంతా వెట్టి, కూలి. కడుపు నిండేది ఒక పూట. పెళ్లికో చావుకో చేసిన అప్పు తరం మారినా తీరదు. సాయంత్రమైతే కల్లు దుకాణం. జాతర వస్తే తాగుడు, కొట్లాట. వీరిని పట్టిన దయ్యాలు నాలుగని అజరయ్య గారు లెక్క తేల్చారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. బాప్తిస్మం ఇచ్చి పేరు మార్చినంత మాత్రాన ఈ నాలుగూ వదలవని ఆయనకు తెలుసు. తాటిచెట్లెక్కే కులంలో పుట్టిన మనిషి తాగుడు మాన్పించడానికి నడుం కట్టడం మామూలు సంగతి కాదు. కల్లును ఆయన దొరల బంగళాలో కూర్చుని చూసినవారు కారు. దాని వల్ల బతికేవాళ్లనూ చూశారు, చెడేవాళ్లనూ చూశారు. మన జిల్లాలో ఎండాకాలం కల్లును ఆహారంగా చెప్పుకునేవారున్నారు, వారితో వాదం పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. కూలి డబ్బు ఇంటికి చేరకపోవడమే అక్కడ ప్రశ్న.

ఇక్కడే ఆయన తెలివి కనిపిస్తుంది. తాగవద్దు, జాతరకు పోవద్దు, డప్పు కొట్టవద్దు అని వద్దుల జాబితా చదివి ఊరుకున్న బోధకులు చాలామంది ఉన్నారు. పగలంతా నడుం వంచి పనిచేసిన కూలివానికి రాత్రి పాట లేదు, ఆట లేదు, కూడిక లేదు అంటే వాడు బతికేదెట్లా? నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు మళ్లీ దుకాణానికే పోతాడు. అజరయ్య గారు ఆ సాయంత్రాన్ని ఖాళీగా వదలలేదు. కోలాటం, భజన, కథ, నాటకం, ఊరేగింపు అన్నీ చర్చి ఆవరణలోకి రానిచ్చారు. ఇంగ్లీషు బాణీల కీర్తనలే దేవునికి ఇష్టమని అనుకునే రోజుల్లో, తెలుగు బాణీల్లో, తాళం వేస్తూ పాడించారు. బైబిలు కథలను పల్లెవాళ్లే వేషాలు వేసి ఆడేవారు. చదువు రానివానికి పుస్తకం అందదు. తాను ఒకసారి ఆడిన కథ, పాడిన పాట మాత్రం చచ్చేదాకా వదలదు. జాతరలకు బదులు క్రైస్తవుల జాతరలే పెట్టించారు. బళ్లు కట్టుకుని పిల్లాజెల్లాతో వచ్చి, చెట్ల కింద వండుకుని తిని, రాత్రంతా పాడుకునేవారు. తాగకుండా కూడా పండుగ జరుపుకోవచ్చని అక్కడ కళ్లారా చూశారు. ఏ ఉపన్యాసం చేయలేని పని అది.

వాటిలో పెద్దది కోతల పండుగ. మన దగ్గర పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి మార్కెట్ యార్డుకు తెచ్చిన రోజు రైతు ముఖం ఎలా ఉంటుందో చూసినవారికి ఆ పండుగ ఊహకు అందుతుంది. జొన్నలు, వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు, ఎవరికి పండింది వారు తెచ్చి చర్చిలో పెట్టేవారు. అంతవరకు చేతులు చాచి తీసుకోవడమే తెలిసినవారు మొదటిసారి ఇచ్చేవారయ్యారు. అదే దృష్టితో ఇళ్లలో పిడికెడు బియ్యం అలవాటు చేయించారు. వంటకు ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది, వారానికోసారి అది చర్చికి చేరుతుంది. బీదవాడు ఇవ్వలేడు అనడం వాడిని అవమానించడమేనని అజరయ్య గారి నమ్మకం. క్రైస్తవుల దానధర్మం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. బాప్తిస్మం పొందినవారి చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, నేను ఈ సువార్తను ఇతరులకు చెప్పకపోతే నాకు శ్రమ అని అర్థం వచ్చే ప్రమాణం చేయించేవారు. ఎక్కడో ఉన్న గురువుగారి పని కాదు, నీ పని అని ప్రతివానికీ అప్పగించడమన్నమాట.

కుటుంబం విషయంలో ఆయన పట్టుదల ఇంకా గొప్పది. పల్లెకు పంపే ఉపాధ్యాయుడికి గాని, గురువు కాబోయేవాడికి గాని ఒక్కడికే శిక్షణ ఇస్తే సరిపోదని భావించారు. భార్యాబిడ్డలతో సహా డోర్నకల్ వచ్చి ఉండాలి. మగవాళ్లు వేదపాఠం చదువుతుంటే ఆడవాళ్లు చదవడం, రాయడం, కుట్టుపని, పిల్లల పెంపకం, శుభ్రత నేర్చుకునేవారు. ఎందుకంటే పల్లెవాళ్లు గురువు ప్రసంగం వారానికోసారి వింటారు, గురువు ఇల్లు రోజూ చూస్తారు. అతను భార్యతో ఎలా మాట్లాడతాడు, పిల్లలను కొడతాడా, వాకిలి ఊడ్చి ఉందా, షావుకారుకు బాకీ ఉన్నాడా అని. ఇల్లు సరిగా లేని పెద్దరికం ఊళ్లో నిలవదు. అజరయ్య గారు స్వయంగా ఎడ్లబండి మీద నెలల తరబడి పల్లెలు తిరిగేవారు. వెళ్లినచోట చిన్న పిల్లలను, ముసలమ్మలను కూడా ప్రశ్నలడిగి, వాళ్ల చేత పాడించి, వాళ్లకు ఏం తెలిసిందో చూసేవారు.

ఫలితం మెల్లగా కనిపించింది. మాలపల్లె, మాదిగపల్లె మారడం చూసి ఆశ్చర్యపోయి, 1930 తరువాత పై కులాల రైతు కుటుంబాలు కూడా కొన్నిచోట్ల చర్చిలో చేరాయి. ఎన్నడూ తమ వాకిట్లోకి రానివ్వని వారి దగ్గర నేర్చుకోవడానికి వచ్చారన్నమాట. ఆయన చివరి రోజుల నాటికి మండలంలో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. గురువుల్లో దాదాపు అందరూ తెలుగువారే.

అన్నీ ఆయన అనుకున్నట్టే జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. చిన్ననాడు బడిలో పోగొట్టాలనుకున్న కులభేదం చర్చిలోపలే తలెత్తింది. కృష్ణా ప్రాంతంలో మాల, మాదిగ క్రైస్తవుల మధ్య తగాదాలు ముదిరి ఆయనను ఎంతో బాధపెట్టాయి. ఆ తగాదా ఆయన కాలంలో తీరలేదు. అధికారం తన చేతిలోనే గట్టిగా పట్టుకునేవారని ఆక్షేపించినవారూ ఉన్నారు. అంత పెద్ద మండలాన్ని అంతమంది చదువురాని జనంతో నడిపించినవాడు కొంత గట్టిగా ఉండక తప్పదని నాకనిపిస్తుంది. కానీ గట్టితనం ఎక్కడ ఆగాలన్నది ప్రతి పెద్దకూ చిక్కుప్రశ్నే.

గాంధీ మహాత్మునితో కూడా ఆయనకు అభిప్రాయభేదం వచ్చింది. బీదలు మతం మారడం నిజమైన ఆత్మవిషయం కాదని గాంధీజీ ఉద్దేశం. బీదవానికీ మనసు, ఆత్మ ఉన్నాయి, తనకేది మంచిదో ఎంచుకునే తెలివి ఉంది అని అజరయ్య గారి వాదం. ఇద్దరిలో ఎవరిది న్యాయమో పాఠకులే ఆలోచించాలి. అయితే ఒక సంగతి చాలామందికి తెలియదు. క్రైస్తవులకు చట్టసభల్లో ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు అజరయ్య గారు వ్యతిరేకించారు. సొంత గుంపుకు లాభమైనా సరే, దేశంలో గోడ కట్టుకోవడం వద్దన్నారు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ ఆయన ఆలోచనకు రూపం. డబ్బు చాలక ఏళ్ల తరబడి సాగిన ఆ కట్టడం 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. మెదక్ చర్చి చూసిన కళ్లకు అది వింతగా ఉంటుంది. మెదక్‌ది ఇంగ్లండు వారి గోథిక్ పద్ధతి, ఆకాశానికి ఎగిసిన శిఖరం. డోర్నకల్‌లో దేవాలయాల మాదిరి రాతి స్తంభాలు, మసీదుల మాదిరి గుమ్మటాలు. ఊరివాడు లోపలికి వస్తే పరాయి దేశంలో అడుగుపెట్టినట్టు ఉండకూడదన్నది ఆయన కోరిక.

మన ఆర్మూరుకూ ఆయనకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఆ కాలంలో ఒక్కొక్క ప్రాంతం ఒక్కొక్క మిషను కింద ఉండేది. మన నిజామాబాద్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త, రాజా నర్సాగౌడ్ గారి విరాళం తోడై 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు, మరోచోట ఇంకొకరు. ఇంగ్లండులో ఎప్పుడో వచ్చిన తగాదాలకు తెలంగాణ పల్లెల్లో క్రైస్తవులు విడివిడిగా ఎందుకుండాలని అజరయ్య గారు అడిగారు. 1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు గురువులతో కూర్చుని ఐక్యత ప్రకటన తయారుచేసిన వారిలో ఆయన ముఖ్యులు. ఆపైన ఇరవై ఐదేళ్లపాటు కమిటీలు, ముసాయిదాలు, అభ్యంతరాలు, సవరణలు. ప్రభుత్వ ఫైళ్లే నయమనిపించేంత జాప్యం. ఆయన విసుగుపడలేదు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. చివరిదాకా దేశంలో మండలం గల భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనొక్కరే. ఆ ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది, ఏర్పడడంతో నెరవేరింది. స్వాతంత్ర్యం వచ్చిన నలభై మూడో రోజు. ఆ రోజు నుంచి మెదక్, డోర్నకల్ ఒకే సంఘంలోని రెండు మండలాలయ్యాయి. మన జిల్లా మెదక్ మండలంలో ఉంది.

డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చూడదలచిన సభ్యులు సికింద్రాబాద్ చేరి, కాజీపేట మీదుగా విజయవాడ వెళ్లే దారిలో డోర్నకల్ జంక్షన్‌లో దిగాలి. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు కనుక ముందుగా విచారించుకోవడం మంచిది. ఎండలు ముదరకముందే, జనవరిలో వెళితే మన వయసువారికి సుఖంగా ఉంటుంది.